బెంగళూరు ఫ్లాట్‌లో పాముల గది: ఒకటి పద్నాలుగు అయ్యేసరికి ఏమేం మార్చాల్సి వచ్చింది

పది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు ఉన్న గది. అందులో ఏడు బాల్ పైథాన్లు (ఆఫ్రికా చిన్న కొండచిలువలు), నాలుగు కార్న్ స్నేకులు (అమెరికాకి చెందిన విషం లేని పాములు), ఒక కెన్యా శాండ్ బోవా. రెండు బియర్డెడ్ డ్రాగన్లు (ఆస్ట్రేలియా బల్లులు) మాత్రం హాల్లో విడిగా ఉంటాయి. మొదటి పాముకి ఒక గాజు అక్వేరియం, ఒక హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచని పట్టా), ఒక ప్లగ్గు సరిపోయాయి. ఇబ్బందంతా అదే పద్ధతిని రెండోదానికి, మూడోదానికి, అయిదోదానికి సాగదీయడంలో వచ్చింది. ఒకే గోడ మీద మూడు ఎక్స్‌టెన్షన్ బోర్డులు, పై వరస అక్వేరియం కింది వరసకంటే మూడు డిగ్రీలు వేడి, శుభ్రం చేయాలంటే పైది దించితే గానీ కిందిది తెరవలేని పరిస్థితి. పాములు రెండు రకాలుగా పెరుగుతాయి: లెక్కలోనూ, పొడవులోనూ. గుడ్డులోంచి వచ్చినప్పుడు 60, 70 గ్రాములుండే బాల్ పైథాన్ ఆడది మూడు నాలుగేళ్ళలో కిలోన్నర తూగుతుంది, ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు బతుకుతుంది. అందుకే ఇప్పుడు కొత్త పాముని తెచ్చే ముందు దాని పెద్దయ్యాక పట్టే పెట్టె గదిలో ఎక్కడ పెట్టాలో కొలిచి చూస్తాను. చోటు లేకపోతే ఆ పాము లేదు.

చట్టం సంగతి ముందే తేల్చుకోవాలి. మన దేశపు పాము ఏదీ, ఎంత చిన్నదైనా, ఇంట్లో పెంచడానికి కాదు. కొండచిలువ, జెర్రిపోతు, జనం ‘రెండు తలల పాము’ అని లక్షలు పోసి మోసపోయే ఎర్ర శాండ్ బోవా, అన్నీ 1972 వన్యప్రాణి చట్టం కిందకి వస్తాయి. మదనపల్లె, కోలారు వైపు ఇళ్ళలో అదృష్టమని పెట్టుకునే నక్షత్ర తాబేలు కూడా అంతే. దాన్ని 2019లో సైటిస్ (అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలోకి ఎక్కించారు. విదేశీ జాతులకి 2022 సవరణతో, సైటిస్ జాబితాలోని జాతులతో, కొత్త షెడ్యూల్ 4 వచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఆ షెడ్యూల్లోని జీవాన్ని కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ 2.0 పోర్టల్లో నమోదు చేయాలి. కొత్తగా తెచ్చుకుంటే ముప్పై రోజుల గడువు. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలియజేయాలి. బాల్ పైథాన్, కెన్యా శాండ్ బోవా ఆ జాబితాలో ఉన్నాయి. కార్న్ స్నేక్ సైటిస్ జాబితాలో లేదు. అయినా దానికీ కొన్న రశీదు, తేదీ, ఫోటో ఉన్న ఫైలు పెట్టుకోవడం మంచిది. కాగితాలు ఇవ్వలేని అమ్మకందారు దగ్గర ఎంత అందమైన పాము ఉన్నా కొనకూడదు. అది సూట్‌కేసులో ఊపిరాడక వచ్చిన పాము అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ.

ర్యాకా, పెట్టెలా అన్నది పెంచేవాళ్ళ మధ్య తెగని వాదం. ర్యాక్ అంటే సొరుగుల్లా లాగే టబ్బులు: తక్కువ చోటు, తేమ నిలుస్తుంది, పిరికి పాము చీకట్లో నిమ్మళంగా తింటుంది. కానీ ఒళ్ళు పూర్తిగా చాచుకోలేని చోట పెద్ద పాముని ఇరవయ్యేళ్ళు ఉంచడం నాకు సమ్మతం కాదు. అందుకని నా గదిలో పిల్లలకీ, వైద్యం జరుగుతున్నవాటికీ అయిదు అరల ర్యాక్ ఒకటి. పెద్దవాటికి 120 సెంటీమీటర్ల పొడవు, 60 లోతు, 45 ఎత్తున్న పెట్టెలు తొమ్మిది, ఒకదాని మీద ఒకటి మూడేసి చొప్పున మూడు వరసలు.

ర్యాక్ కట్టించేటప్పుడు టబ్బులు ముందు కొనాలి, చెక్క తర్వాత. ఒకే మోడల్ టబ్బుల్లోనే రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటుంది కాబట్టి అన్నిటినీ కొలిచి పెద్దదాని లెక్క తీసుకోవాలి. ఆ మోడల్ మళ్ళీ దొరక్కపోవచ్చు, రెండు ఎక్కువ కొనిపెట్టుకోవాలి. నావి మంచాల కింద తోసే రకం, 80 సెంటీమీటర్లు పొడవు, 50 వెడల్పు, 18 ఎత్తు. మూతలు వాడం. పై అర చెక్క కింది వైపే కింది టబ్బుకి మూత. కాబట్టి టబ్బు అంచుకీ పై చెక్కకీ మధ్య సందు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. తల పట్టిన సందులోంచి ఒళ్ళంతా పట్టేస్తుంది. కార్న్ స్నేక్ పిల్ల తల పెన్సిలంత లావుంటుంది, దానికి రెండు మిల్లీమీటర్లే గరిష్ఠం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడితే ఎనభై సెంటీమీటర్ల పొడవులో అర కుంగదు. 12 వాడితే ఏడాదిలో మధ్యలో వంగి, టబ్బు బిగుసుకుని బయటికి రాదు. వెనక వైపు ఒక బీడింగ్ కొట్టించాలి, లేకపోతే టబ్బు గోడదాకా దూసుకుపోయి వైర్లని నొక్కుతుంది. ముందు వైపు పై నుంచి కిందిదాకా ఒక అల్యూమినియం పట్టీ, దానికి గడియ, తాళం. బాల్ పైథాన్ ముక్కుతో నెట్టి టబ్బుని రెండంగుళాలు ముందుకి తోయగలదు.

గాలి రంధ్రాల సంగతి ఒకటి దగ్గరగా చూడాలి. డ్రిల్ పెడితే ఈ ప్లాస్టిక్ చిట్లుతుంది, సోల్డరింగ్ ఐరన్‌తో చేసుకోవాలి. రంధ్రాన్ని టబ్బు లోపల్నుంచి బయటికి పొడవాలి. కరిగిన ప్లాస్టిక్ పొడిచిన దిక్కుకి గట్టుగా లేచి, ఆరాక బ్లేడు అంచులా తయారవుతుంది. బయట్నుంచి పొడిస్తే ఆ అంచు లోపల ఉంటుంది. పాము రాత్రంతా ముక్కు రాసుకుంటూ దారి వెతుకుతుంది, మూడు రోజుల్లో మూతి చర్మం లేచిపోతుంది. పొడుగు వైపులా పన్నెండేసి, నాలుగు మిల్లీమీటర్లవి చాలు. పొగ విషం, కిటికీ దగ్గర చేయాలి.

పెద్ద పెట్టెలకి ప్లైవుడ్ కాకుండా పీవీసీ ఫోమ్ బోర్డు మేలని నా అభిప్రాయం. నీళ్ళు పీల్చదు, వాసన ఉండదు, తేలిక. కార్పెంటర్‌కి ‘షూ ర్యాక్ లాంటిది, ముందు గాజు’ అని చెప్తే చాలు. ముందు 5 మిల్లీమీటర్ల జారే గాజులు రెండు, కిరాణా షాపు షోకేసుకి వేసే పళ్ళ తాళం ఒకటి. తాళం వేయని జారే గాజు అసలు గాజే లేనట్టు, పాము గాజు అంచున ఒళ్ళు ఆనించి పక్కకి తోసేస్తుంది. మూలలకి అక్వేరియం సిలికానే వాడాలి. బాత్‌రూమ్ సిలికాన్‌లో బూజు మందు కలుస్తుంది. వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, అంటే వారం రోజులైనా పెట్టె ఖాళీగా ఉంచాలి.

ఇక అసలు విషయం వేడి. ఈ గదిలో ఏ ప్రాణికైనా హాని జరిగితే అది ముందు ఇక్కడ్నుంచే జరుగుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. బాల్ పైథాన్‌కి ఒక చివర నేల 31, 32 డిగ్రీలు, ఇంకో చివర 26. కార్న్ స్నేక్‌కి వేడి చివర 29, 30, చల్లని చివర 24 లోపు. రెండు చివరలూ ఉండాలి, ఎండకీ నీడకీ మధ్య తిరిగినట్టు పాము తిరిగి తన ఒంటి వేడి తానే సర్దుకుంటుంది. హీట్ మ్యాట్‌ని అడుగున మూడో వంతు చోటుకే పరచాలి. థర్మోస్టాట్ (వేడి చూసి కరెంటు తెరిచి మూసే కంట్రోలర్) లేకుండా నేరుగా ప్లగ్గులో పెడితే దాని పైభాగం 45 డిగ్రీలు దాటుతుంది. పాముకి పొట్ట కింద కాలుతున్నా లేచి పోవాలని తోచదు, అక్కడే చుట్టుకుని ఉంటుంది. మర్నాడు పొలుసులు గోధుమరంగుకి తిరిగాక గానీ మనకి తెలీదు.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో దొరికే ఎస్టీసీ-1000 రకం కంట్రోలర్ ఈ పనికి సరిపోతుంది. వెనక ఎనిమిది స్క్రూలు: 1, 2 కరెంటుకి, 3, 4 ప్రోబ్‌కి (వేడిని కొలిచే తీగ), 5, 6 వేడికి, 7, 8 చల్లదనానికి. 5, 6 లోంచి కరెంటు దానంతట అది రాదు, అది స్విచ్ మాత్రమే. మ్యాట్‌కి వెళ్ళే ఫేజ్ వైరుని తెంపి ఆ రెండిటి మధ్య పెట్టాలి, న్యూట్రల్ నేరుగా వెళ్ళాలి. దాని మెనూలో ఎఫ్1లో కావలసిన వేడి, ఎఫ్2లో తేడా 0.5, ఎఫ్4లో ప్రోబ్ సవరణ. కొత్త ప్రోబ్‌ని నలగ్గొట్టిన ఐసు, కొంచెం నీళ్ళు కలిపిన గ్లాసులో అయిదు నిమిషాలు ఉంచి, సున్నా చూపిస్తుందో లేదో చూసి, తేడాని ఎఫ్4లో సరిచేయాలి. నా దగ్గరున్నవాటిలో ఒకటి 1.4 డిగ్రీలు ఎక్కువ చూపించేది.

మ్యాట్‌ని పీవీసీ పెట్టె కింద పెడితే వేడి పైకి రాదు, బోర్డు మెత్తబడుతుంది. అందుకని లోపల నేల మీద అల్యూమినియం టేపుతో అతికించి, పైన 8 మిల్లీమీటర్ల విట్రిఫైడ్ టైల్ పరిచి, చుట్టూ సిలికాన్ వేశాను. ప్రోబ్ మ్యాట్‌కీ టైల్‌కీ మధ్య ఉంటుంది. అక్కడ 35 పెడితే టైల్ పైన 32 వస్తోంది. ఈ లెక్క ప్రతి పెట్టెకీ వేరు, ఇన్ఫ్రారెడ్ గన్‌తో రెండు రోజులు కొలిచి తేల్చుకోవాలి. మెరిసే అల్యూమినియం మీద గన్ తప్పు చూపిస్తుంది, టైల్ మీదే కొలవాలి. కోకోపీట్ మందం మూడు సెంటీమీటర్లు దాటితే వేడి పైకి రాదు, పాము తవ్వుకుని నేరుగా టైల్ మీదకి పోతుంది. కాబట్టి టైల్ మీది వేడే లెక్క, కోకోపీట్ పైది కాదు.

మొదట్లో మూడు పెట్టెల వరసకి ఒకే కంట్రోలర్ పెట్టి, ప్రోబ్ మధ్య పెట్టెలో ఉంచాను. అప్పట్లో టైల్‌కి సిలికాన్ వేయలేదు. మధ్య పాము నీళ్ళగిన్నె బోర్లించింది. నీళ్ళు టైల్ కిందకి చేరి ప్రోబ్ తడిసి చల్లబడింది. చల్లగా ఉందనుకున్న కంట్రోలర్ మూడు మ్యాట్లనీ ఆపకుండా వేడెక్కించింది. పొద్దున చూస్తే పై పెట్టె టైల్ 41 డిగ్రీలు. ఆ పాము చల్లని చివరలో గాజుకి అతుక్కుని ఉండబట్టి బతికింది. ఆ వారమే ఒక్కో పెట్టెకి ఒక్కో కంట్రోలర్ పెట్టాను. ప్రోబ్ వైరు తెగితే ఈ కంట్రోలర్ తప్పు గుర్తు చూపించి దానంతట అదే ఆగిపోతుంది. కానీ ప్రోబ్ ఊడి బయటికి జారితే దానికి తెలీదు, గది చలిని కొలుస్తూ మ్యాట్‌ని కాలుస్తూనే ఉంటుంది. రిలే (లోపలి స్విచ్) అతుక్కుపోయినా అంతే. అందుకే ప్రతి పెట్టెకీ అదనంగా ఇంకో కంట్రోలర్, దాని ప్రోబ్ అదే పెట్టెలో వేరే చోట, వేరే టేపుతో. 38 దాటితే ఆ పెట్టెకి ఫేజ్ కోసేస్తుంది. రెండు ప్రోబ్‌లనీ ఒకే టేపు కింద పెడితే రెండూ ఒకేసారి ఊడతాయి.

మొత్తం బోర్డు ముందు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కోసేసే స్విచ్) తప్పనిసరి. నీళ్ళగిన్నెలు, కరెంటు ఒకే చోట ఉన్నాయి. తొమ్మిది మ్యాట్లు 28 వాట్లవి, ర్యాక్‌లో పాములున్న మూడు టబ్బులవి 20 వాట్లవి, కలిపితే 310 వాట్ల చిల్లర. జనవరి రాత్రుల్లో అవి దాదాపు 40 శాతం సేపు వెలుగుతాయి, అంటే సగటున 125 వాట్లు, నెలకి 90 యూనిట్లు. ఇన్వర్టర్ లెక్క కూడా ఇక్కడ్నుంచే: 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీలో 1800 వాట్-గంటలు రాసి ఉన్నా నష్టాలు పోను, బ్యాటరీ పాడవకుండా వాడుకోగలిగేది వెయ్యి చిల్లర. ఎనిమిది గంటలు వస్తుంది. సైన్ వేవ్ ఇన్వర్టరే కొనాలి. స్క్వేర్ వేవ్ దాని మీద కంట్రోలర్లు గుర్రుమంటాయి, కొన్ని అంకెలు బిగుసుకుపోతాయి.

బెంగళూరు వాతావరణం పాములకి అనుకూలమని అనుకుంటారు. సగమే నిజం. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున బయట 15 డిగ్రీలు, కిటికీ మూసిన గదిలో 19. అలాంటప్పుడు మ్యాట్ నేలని వేడి చేస్తుంది గానీ గాలిని చేయదు. చల్లని గాలి, తడి నేల కలిస్తే ఊపిరితిత్తుల జబ్బు: నోటి మూలల్లో నురగ, ఈల లాంటి శబ్దం, తల పైకెత్తి నోరు తెరిచి ఉండటం. ఇది కనిపిస్తే ఇంటి వైద్యం లేదు, సరీసృపాలు తెలిసిన వెటర్నరీ డాక్టరు దగ్గరికి ఆ రోజే. గదికి ఆయిల్ హీటర్ పెట్టి చూశాను, కరెంటు పోతే ఇన్వర్టర్ దాన్ని లాగలేదు, రెండు గంటల్లో గది మళ్ళీ చల్లారిపోయింది. పెట్టెల వెనకా పక్కలా 25 మిల్లీమీటర్ల థర్మోకోల్ అతికించాక హీటర్ అవసరమే రాలేదు. థర్మోకోల్ మ్యాట్‌కి తగలకూడదు, అంటుకుంటుంది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకో బాధ. మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతానికి పడిపోతుంది, బాల్ పైథాన్‌కి 55 నుంచి 65 కావాలి. కుబుసం ఒక్క తొడుగులా రావాల్సింది ముక్కలుగా చీలి తోకకీ కళ్ళకీ అంటుకుంటుంది. కళ్ళు పాలు కలిపినట్టు నీలంగా మారిన రోజే మూతకి రంధ్రం ఉన్న డబ్బాలో తడిపి పిండిన నాచు పెట్టి లోపల ఉంచాలి. నేలంతా తడపకూడదు, పొట్ట పొలుసుల కింద పుండ్లు పడతాయి. కంటి పొర మిగిలిపోతే ట్వీజర్‌తో లాగనే కూడదు, కన్నే పోతుంది. తడిగుడ్డ సంచిలో ఇరవై నిమిషాలు ఉంచి, అప్పటికీ రాకపోతే వచ్చే కుబుసం దాకా ఆగాలి. ఏప్రిల్ మధ్యాహ్నాలు పై అంతస్తు గది 34కి చేరుతుంది, కార్న్ స్నేక్‌కి అది ప్రమాదం. 2016 ఏప్రిల్లో ఈ ఊళ్ళో 39.2 నమోదైంది. పాముల గదికి కింది అంతస్తులో తూర్పు వైపు గది ఎంచుకోవడం ఏ పరికరం కన్నా గొప్ప పని.

చీమల సంగతి పుస్తకాల్లో పెద్దగా కనబడదు. ఎలుక వాసనకి రాత్రికి రాత్రే బారులు కడతాయి, కుబుసం విడుస్తున్న పాముని కళ్ళ దగ్గర కరుస్తాయి. చీమల చాక్‌పీసు, దోమల లిక్విడ్, ఫినాయిల్, కలరా ఉండలు, ఈ నాలుగూ ఆ గది గడప దాటకూడదు. పాములకి విషమయ్యే మందులవి. మన అమ్మమ్మలు పాల గిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెట్టినట్టే ర్యాక్ కాళ్ళు నాలుగూ నీళ్ళ గిన్నెల్లో నిలబెట్టాలి. ఆ నీళ్ళలో రెండు చుక్కల డిష్‌వాష్ కలిపితే చీమ తేలి దాటలేదు, దోమ గుడ్డు పెట్టలేదు. గిన్నె అంచుకి, గోడకి ఏ వైరూ తగలకూడదు, అదే వంతెన అవుతుంది. తుడవడానికి బ్లీచ్ ఒకటికి ముప్పై పాళ్ళ నీళ్ళు, పది నిమిషాలుంచి, వాసన పోయేదాకా కడిగి ఆరబెట్టాలి.

కొత్తగా వచ్చిన జీవం తొంభై రోజులు వేరే గదిలో ఉండాలి. మా ఇంట్లో అది బాల్కనీ పక్క స్టోర్ రూము. నేల మీద న్యూస్‌పేపర్ మాత్రమే, దాని నీళ్ళగిన్నె, దాని పట్టకారూ దానికే. రోజూ పని చివర్లోనే అక్కడికి వెళ్ళాలి, అక్కడ్నుంచి తిరిగి పాముల గదికి రాకూడదు. తెల్ల కాగితం మీద నల్ల చుక్కలు కదిలితే పురుగు పట్టినట్టు. పాము రోజంతా నీళ్ళగిన్నెలోనే కూర్చున్నా అనుమానించాలి, గడ్డం కింద, కంటి గుంట చుట్టూ లెన్సుతో చూడాలి. ఈ పురుగు ఒక తరం రెండు మూడు వారాల్లో పూర్తవుతుంది కాబట్టి ఒక్కసారి మందు వేసి పోయిందనుకుంటే మళ్ళీ వస్తుంది. డాక్టరు చెప్పిన మందు, చెప్పిన మోతాదు, కనీసం ఆరు వారాలు. ఐవర్‌మెక్టిన్ తాబేళ్ళకి ప్రాణాంతకం, అదే ఇంట్లో తాబేలుంటే డాక్టరుకి ముందే చెప్పాలి. మూడు విడతలు మలం పరీక్ష చేయించాలి. క్రిప్టో అనే పరాన్నజీవి సోకితే పాము నడుం దగ్గర ఉబ్బి, తిన్నది కక్కుతుంది, బ్లీచ్‌కి కూడా చావదు. ఒక్క పాము పుట్టినప్పట్నుంచీ ఆరోగ్యంగానే ఉంది కదా అని నలభయ్యో రోజున లోపలికి తెస్తే, మిగిలిన పన్నెండింటిని పందెం పెట్టినట్టు.

డ్రాగన్లని విడిగా ఉంచడానికి కారణం వాటికి కావలసింది ఎడారి. ఎండ కాచుకునే రాయి మీద 40 డిగ్రీలు, పన్నెండు గంటల వెలుతురు, యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణం) ట్యూబు. కిటికీ గాజులోంచి యూవీబీ రాదు. ట్యూబు వెలుగుతున్నట్టే ఉన్నా ఏడాదికి దాని యూవీబీ తగ్గిపోతుంది, మార్చాలి. లేకపోతే ఎముకలు మెత్తబడి దవడ వంగిపోతుంది.

ఆహారానికి వంటింటి ఫ్రిజ్ కాకుండా చిన్న ఫ్రీజర్ ఒకటి. నా పన్నెండు పాములకి నెలకి ఇరవై అయిదు ఎలుకలు, చిట్టెలుకలు కలిపి. పాము ఒంటి అతి లావు భాగమంత ఎర, అంతకు మించి వద్దు. ముందు రాత్రి ఫ్రిజ్‌లో కరిగించి, జిప్ సంచిలో పెట్టి, 45 డిగ్రీల నీళ్ళలో పదిహేను నిమిషాలు. పొట్ట మీద వేలితో నొక్కితే లోపల గట్టిగా చల్లగా తగిలితే ఇంకా కాలేదు, అది తింటే కక్కుతుంది. కక్కిన పాముకి రెండు వారాలు ఏమీ పెట్టకూడదు. బాల్ పైథాన్ పెదవుల మీది గుంటలతో వేడిని పట్టి చూస్తుంది, అందుకని ఎర తల మిగతా ఒంటికంటే వెచ్చగా ఉంటే వెంటనే అందుకుంటుంది. చలికాలంలో మగవి రెండు మూడు నెలలు తినకపోవచ్చు. భయపడాల్సింది తిండి మానినందుకు కాదు, బరువు పదో వంతు తగ్గినందుకు. గ్రాముల త్రాసు, నోటు పుస్తకం ఇక్కడే పనికొస్తాయి. నాగుల చవితికి ఊళ్ళోంచి వచ్చిన పెద్దవాళ్ళు పాలు పోస్తామంటే, ‘అత్తయ్యా, దానికి పాలు అరగవు, నీళ్ళు మార్చండి చాలు’ అని మంచి గిన్నె చేతికిస్తాం. తర్వాత అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా సరీసృపాల మలంలో మామూలుగా ఉంటుంది. గిన్నెలు వంటింటి సింకులో కడగం. అయిదేళ్ళ లోపు పిల్లల చేతికి పాముని ఇవ్వం.

రోజుకి ఇరవై నిమిషాలు, ఆదివారం మూడు గంటలు పడుతోంది. ర్యాక్‌లో అయిదు టబ్బులుంటే మూడింటిలోనే పాములున్నాయి. కింది రెండూ ఎప్పుడూ ఖాళీగా, కాగితం పరిచి, మ్యాట్ వేడి సరిచూసి సిద్ధంగా ఉంటాయి. ఏ రాత్రైనా పెట్టె గాజు పగిలినా, ఒక పాముకి మందు మొదలుపెట్టాల్సి వచ్చినా, అప్పటికప్పుడు దాన్ని దించడానికి.